రాయబారులు యూనివర్సిటీలు నడపగలరా? నేను చూసింది చెబుతాను

"విదేశాంగ శాఖలో పనిచేసినవాళ్ళు తర్వాత కాలేజీకో యూనివర్సిటీకో అధిపతిగా వస్తే పనికొస్తారా?" అని అడిగారు. చాలామంది ప్రొఫెసర్ల కన్నా బాగా పనికొస్తారు. కళ్ళారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

నేను హైదరాబాద్‌లో చదివిన కాలేజీకి అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్నాయన విదేశాంగ సర్వీసులో రిటైరైన పెద్దమనిషి. ఒకసారి ఏడాది మధ్యలో మెస్ బిల్లు పెంచారు. మేమంతా రాత్రి భోజనం మానేసి, గిన్నెలు తెచ్చి గేటు దగ్గర బోర్లించాం. వార్డెన్ పోలీసులను పిలుస్తానన్నాడు. డైరెక్టర్ గారు మాలో నలుగురినీ, మెస్ కాంట్రాక్టర్‌నీ తన గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. ఉపన్యాసం లేదు, బెదిరింపు లేదు. "ముందు మీ లెక్క చెప్పండి బాబూ, తర్వాత ఆయన లెక్క విందాం" అన్నారు. కందిపప్పు ఎక్కడ కొంటున్నారు, తూకం ఎవరు చూస్తున్నారు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. సెలవులకు ఊరెళ్ళినవాళ్ళ ఖర్చు కూడా ఉన్నవాళ్ళ మీదే వేస్తున్నారని అక్కడే బయటపడింది.

అర్ధరాత్రి దాటాక ఒప్పందం ఆయనే రాశారు. ఒక్కో వాక్యం చదివి, ఇటు మేమూ అటు కాంట్రాక్టరూ సరే అన్నాకే కింది వాక్యానికి వెళ్ళారు. సంతకాలు, తేదీ అన్నీ అయ్యాయి. తెల్లారేసరికి ఆ కాగితం మెస్ తలుపు మీద అంటించి ఉంది. సరుకులు కొనే కమిటీలో ఇద్దరు విద్యార్థులను కూడా వేశారు. నేనక్కడ ఉన్నంతకాలం మళ్ళీ మెస్ గొడవ లేదు. వేరేచోట్ల "చూద్దాంలే బాబూ" అని పంపేస్తారు, నెల తిరక్కుండా మళ్ళీ ధర్నా.

మన ఊరి నవాబ్ అలీ యావర్ జంగ్‌నే చూడండి. 1948 తర్వాత ఉస్మానియాలో చదువు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారుతున్న కష్టకాలంలో వైస్ ఛాన్సలర్ (వీసీ) ఆయనే. 1952లో అర్జెంటీనాకు రాయబారిగా వెళ్ళారు. 1956లో ఈజిప్టులో సూయజ్ కాలువ గొడవ జరిగినప్పుడు కైరోలో రాయబారిగా ఉన్నారు. తర్వాత యుగోస్లావియా, ఫ్రాన్స్. 1965లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వీసీ అయిన కొత్తలోనే విద్యార్థుల దాడిలో తీవ్రంగా గాయపడ్డారు. అయినా వదిలి వెళ్ళలేదు, 1968 దాకా ఉన్నారు. ఆ ఓర్పు రాయబార కార్యాలయాల్లో వచ్చిందేనని నా నమ్మకం. కె.ఆర్. నారాయణన్ కూడా చైనాలో రాయబారిగా చేశాకే 1979లో ఢిల్లీలోని జేఎన్‌యూకు వీసీ అయ్యారు.

ఇప్పుడు మాత్రం దారి ఇరుకు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్ళో, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలో పదేళ్ళో చేసి ఉండాలి. 2025 జనవరిలో యూజీసీ తెచ్చిన కొత్త నిబంధనల ముసాయిదా ప్రభుత్వ పాలన, పరిశ్రమల నుంచి కూడా తీసుకోవచ్చంది. దానిమీద గోల అయింది. నా భయం వేరు. ఆ తలుపు తెరిస్తే రాయబారుల కన్నా ముందు ఐఏఎస్‌లు దూరతారు. 2024లో మన తెలంగాణలో వీసీల గడువు ముగిశాక నెలల తరబడి ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులుగా ఉన్నారు కదా! కలెక్టర్‌గా చేసినవాళ్ళకు ఆర్డర్ వేయడం అలవాటు. రాయబారికి ఆ వీల్లేదు, అవతలిది పరాయి ప్రభుత్వం, ఒప్పించుకోవాల్సిందే. విద్యార్థి సంఘాలతోనూ అంతే.

ఉస్మానియాకు ఈసారి వీసీని వెతికేటప్పుడు రిటైరైన విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్) అధికారుల పేర్లు కూడా సెర్చ్ కమిటీ ముందు పెట్టాలని నా డిమాండ్.