హైడ్రోజన్: గాలిలో పేలుడు, నూనెలో వనస్పతి

ప్రశ్న: హైడ్రోజన్ గాలిలో కలిస్తే పేలుతుందని చదివాము. అదే వాయువును నూనెలోకి పంపి వనస్పతి చేస్తారట. అక్కడ ప్రమాదం ఎందుకు జరగదు?

జవాబు: కలవడం వేరు, రసాయన చర్య జరగడం వేరు. మామూలు ఉష్ణోగ్రతలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే పాత్రలో ఉన్నంత మాత్రాన నీరుగా మారిపోవు. అయితే గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా మంట అంటుకుంటుంది, మూసిన గదిలో అది పేలుడుగా మారుతుంది. ఇళ్లలో వాడే లెడ్ యాసిడ్ ఇన్వర్టర్ బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో ఈ వాయువునే కొద్దికొద్దిగా వెలువరిస్తాయి కనుక, వాటిని గాలి ఆడని అలమారలో పెట్టవద్దని పాఠకులందరినీ కోరుతున్నాను.

క్లోరిన్‌తో కలిసినప్పుడు నిప్పు కూడా అక్కరలేదు, ఎండ తగిలితే చాలు. నైట్రోజన్‌తో మాత్రం ఇనుము ఉత్ప్రేరకం (చర్యను వేగవంతం చేసే పదార్థం), అధిక పీడనం, 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి ఉంటేనే అమ్మోనియా ఏర్పడుతుంది. మన పొలాల యూరియాకు మూలం అదే.

ఇక వనస్పతి విషయానికి వస్తే, చర్య జరిగే పాత్రలో గాలి లేకుండా చూస్తారు. 1902లో జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ పేటెంటు పొందిన ఈ పద్ధతిలో, నికెల్ పొడి సాయంతో హైడ్రోజన్ పరమాణువులు నూనె అణువుల్లోని ద్విబంధాలకు (కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలకు) చేరి, ద్రవాన్ని గడ్డకట్టే కొవ్వుగా మారుస్తాయి. చర్యను మధ్యలో ఆపితే గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వులు మిగులుతాయి. అందుకే మన దేశంలో 2022 నుంచి నూనెలు, కొవ్వులలో వాటి పరిమితి 2 శాతమే.