అందరూ లోతుగా బోరు వేస్తే అందరికీ నీళ్లు పడతాయా?

మీరడిగింది: "ఒక పని విడివిడిగా ఎవరు చేసినా మేలే జరుగుతున్నప్పుడు, అందరూ చేస్తే అందరికీ మేలు జరగాలి కదా? దీన్ని ఫాలసీ ఆఫ్ కంపొజిషన్ (ఒక్కొక్కరికి నిజమైంది అందరికీ కలిపి కూడా నిజమే అనుకునే పొరపాటు) అని ఎందుకంటారు?" ఎందుకంటే ఆ మొదటి వాక్యంలో పైకి చెప్పని షరతు ఒకటి ఉంది: మిగతావాళ్లు ఆ పని చేయకుండా ఊరుకుంటేనే.

మాది అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలున్న ఊరు. బోరు ఎండిందంటే ఎవరైనా వేసే లెక్క ఒకటే. పక్క పొలం బోరు కన్నా ఇంకో వందడుగులు కిందికి పోతే నీళ్లు మనకు పడతాయి. నిజంగానే పడతాయి కూడా. మా పక్క పొలం ఆయనకు అలా రెండించుల నీళ్లు పడి, వాడిపోతున్న చీనీ చెట్లు మళ్లీ చిగురేశాయి. అది చూశాక చుట్టుపక్కల వాళ్లు ఆగుతారా? బోరు లారీ ఊళ్లోనే మకాం పెట్టింది. తర్వాతి ఎండాకాలానికి ఆయన బోరు కాసేపు పోసి ఆగిపోవడం మొదలైంది. కొబ్బరికాయ పట్టి పాయింట్ చూసే ఆయన్ని పిలిపించి ఇంకోటి వేయించాడు. ఈసారి రాత్రంతా తెల్ల దుమ్మే లేచింది. (కొబ్బరికాయ మీద నాకు నమ్మకం లేదు, కానీ ఆ దుమ్ముకు కారణం అది కాదు.)

మా నేల కింద ఉన్నది గ్రానైట్ లాంటి గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ రాతి పగుళ్లలోనూ. కిందికి పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. లోతు బోరు కొత్తగా నీళ్లు పుట్టించదు, చాలావరకు పక్క బోరుకు అందేవాటినే లాగేస్తుంది. పైనుంచి వచ్చేది చూస్తే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అంతే. అందుకే "నేను లోతుకు వేస్తే నాకు నీళ్లు" అన్నది నిజమైనా, "అందరం వేస్తే అందరికీ నీళ్లు" అన్నది తప్పు. అందరూ వేశాక నీళ్లు పాతవే, పెద్ద మోటార్లూ అప్పులూ కొత్తవి.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొత్త బోరుకు అనుమతి ఉండాలన్నది ఇందుకే. నాకు అంతకన్నా నచ్చింది, రాయలసీమతో పాటు మరికొన్ని కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు అందరి నీళ్లూ కలిపి లెక్కేసి, దాన్నిబట్టి పంట ఎంచుకున్న పద్ధతి. ఒక్కొక్కరి బోరు చూసి ఊరి సంగతి ఊహించడం కాకుండా, మొత్తాన్నే కొలిచారు.

అలాగని ఒక్కరి నుంచి అందరికీ పోయే ప్రతి వాదనా తప్పు కాదు. ప్రతి ఇటుకా ఎర్రదైతే గోడ ఎర్రదే, ప్రతి ఇటుకా మూడు కిలోలైతే మాత్రం గోడ మూడు కిలోలు కాదు. మనుషుల విషయంలో నేను చూసేది ఒకటే: నాకొచ్చిన లాభం పక్కవాడి వాటాలోంచి వచ్చిందా, బయటి నుంచి కొత్తగా వచ్చిందా? వృథాగా ఆవిరయ్యే వాననీటిని ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే అది కొత్తగా వచ్చినట్టే, ఊరంతా తవ్వినా నష్టం లేదు. ఫారం పాండ్లు (పొలంలో వాననీరు పట్టే కుంటలు) మాత్రం పూర్తిగా అలా కాదు. ఎగువన పొలం పొలానికీ ఒకటి తవ్వితే దిగువ చెరువుకు చేరే నీళ్లు తగ్గొచ్చు, కాబట్టి అక్కడ చెరువును కూడా కలుపుకొని లెక్క వేయాలి.