బల్గేరియాలో తక్కువ ఖర్చుతో బస: ఏ ఊళ్లో, ఏ పేటలో?

ప్రశ్న: మేము ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న దంపతులం. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు సెప్టెంబరులో వెళ్తున్నాము. అక్కడి నుంచి ఇద్దరమే ఎనిమిది రోజులు బల్గేరియా చూసి రావాలని కోరిక. సోఫియాలో విమానాశ్రయం దగ్గర రాత్రికి 36 యూరోలకు ఒక గది, ఊరి నడుమ 52 యూరోలకు మరొకటి కనిపించాయి. నా భార్యకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరం శాకాహారులం. ఏది తీసుకోవాలి? మిగతా ఊళ్లలో ఎక్కడ దిగాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందుగా వీసా, డబ్బు సంగతి. బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో సభ్యదేశం కాబట్టి, జర్మనీకి మీరు తీసుకునే షెంగెన్ వీసా అన్ని సభ్య దేశాలకూ చెల్లేదైతే వేరే వీసా అవసరం లేదు. ఈ ఎనిమిది రోజులు కూడా ఆ వీసా గడువులోనే లెక్కకు వస్తాయి. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోయే చలామణీలో ఉంది. పాత వ్యాసాలలో ధరలు అక్కడి పాత కరెన్సీ అయిన లెవాలలో కనిపిస్తే, ఒక యూరోకు 1.95583 లెవాలు, అంటే దాదాపు సగం, అని లెక్క కట్టుకోండి.

ఇక గది విషయం. నేనైతే 52 యూరోల గదే తీసుకోమంటాను. మూడు రాత్రులకు తేడా 48 యూరోలు. అది చిన్న మొత్తమని అనను. అయితే మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి మధ్యాహ్నం గదికి వచ్చి ఒక గంట నడుము వాల్చి మళ్లీ బయలుదేరే వీలు ఉండాలి. బస ఊరి చివర ఉంటే ఆ వీలు పోతుంది. సాయంత్రానికి అలసిపోయి టాక్సీ ఎక్కితే మిగిలిందనుకున్న డబ్బూ పోతుంది. సోఫియాలో చూడదగినవి చాలా వరకు సెర్డికా మెట్రో స్టేషను చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ స్టేషను తవ్వకాలలో బయటపడిన రోమన్ నగర శిథిలాలు, నాలుగో శతాబ్దపు గుండ్రని చర్చి సెయింట్ జార్జ్ రొటుండా, ఒకే పరిసరంలో నిలిచిన చర్చి, మసీదు, యూదుల ప్రార్థనా మందిరం మెల్లగా నడుస్తూ చూడవచ్చు. అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథెడ్రల్ మరికొంత దూరం. విమానాశ్రయం రెండో టెర్మినల్ నుంచి సెర్డికాకు నేరుగా మెట్రో ఉంది. మీ విమానం మొదటి టెర్మినల్‌కు వస్తే అక్కడి నుంచి రెండో దానికి బస్సు ఎక్కాలి. అర్ధరాత్రి దాటితే మెట్రో నడవదు కనుక పగటి పూట దిగే విమానమే చూసుకోండి.

సెర్డికా దగ్గర గది మీ లెక్కకు మించితే, దక్షిణాన ఎన్‌డీకే (జాతీయ సాంస్కృతిక భవనం) మెట్రో స్టేషను పరిసరాలు నాకు నచ్చిన రెండో చోటు. ఉత్తరాన లయన్స్ బ్రిడ్జి, రైల్వే స్టేషను వైపు ఇంకా తక్కువకు దొరుకుతాయి గానీ, రాత్రి పూట కొత్తవారు నడవడానికి ఆ వీధులు అంత ఇంపుగా ఉండవు. తెల్లవారుజామున బస్సు ఎక్కవలసిన ఒక్క రాత్రికైతే సరే.

డబ్బు కట్టే ముందు మూడు సంగతులు రాసి అడగండి: లిఫ్టు ఉందా, గది ఎన్నో అంతస్తులో ఉంది, కిటికీ ట్రామ్ నడిచే వీధి వైపా లోపలి పెరటి వైపా. సోఫియా నడిబొడ్డున అద్దెకిచ్చే చవక గదులు చాలావి పాత మేడలలో ఉంటాయి, వాటిలో కొన్నింటికి మెట్లే గతి. ఎదురుగా నిలబడి అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బల్గేరియన్లు 'అవును' అనడానికి తలను అడ్డంగా, 'కాదు' అనడానికి నిలువుగా ఊపడం పాత అలవాటు. కాబట్టి తల ఊపు చూసి నిర్ణయించుకోకుండా 'దా' అంటే అవును, 'నె' అంటే కాదు అని నోటి మాట వినండి. బస చిరునామాను వారి సిరిలిక్ లిపిలో రాయించి దగ్గర పెట్టుకుంటే దారి అడగడం తేలిక.

శాకాహారులకు నా గట్టి సలహా, చిన్న వంటగది ఉన్న స్టూడియో గది తీసుకోమని. సెర్డికాకు దగ్గరలోనే జెన్‌స్కి పజార్ అనే పెద్ద కూరగాయల సంత ఉంది. అక్కడి టమాటాలు, మిరపకాయలు, కమ్మని పెరుగు తెచ్చుకుని, ఇంటి నుంచి తీసుకెళ్లిన కందిపొడితో ఒక పూట అన్నం వండుకుంటే ఒంటికి హాయి, ఖర్చూ కలిసి వస్తుంది. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకండి. పాల పదార్థాలను ప్రయాణికులు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురాకూడదు. హోటలు ఫలహారంలో కనిపించే బనిత్సా అనే పొరల పిండివంటలో చీజ్‌తో పాటు గుడ్డు కూడా ఉంటుంది. టమాటా, దోసకాయ ముక్కల మీద తెల్ల చీజ్ తురిమిన షాప్‌స్కా సలాడ్, చల్లని పెరుగు-దోసకాయల పులుసు తరతోర్ మీకు సరిపోతాయి.

రెండో ఊరు ప్లొవ్‌దివ్ పెట్టుకోండి. సోఫియా నుంచి బస్సులో సుమారు రెండు గంటలు. అక్కడ పాత బస్తీలోని రంగుల ఇళ్లను ఫొటోలలో చూసి చాలామంది అక్కడే గది తీసుకుంటారు. మేమూ అదే చేసి, గుండ్రాళ్లు పరిచిన ఎత్తు దారిలో చక్రాల పెట్టెను లాగలేక దాదాపు మోసుకుంటూ వెళ్లాము. నా భార్య ఆ సాయంత్రం మళ్లీ గడప దాటలేదు. మీరు కింద, పాదచారుల ప్రధాన వీధి పక్కన దిగి, రోమన్ రంగస్థలానికి ఉదయపు చల్లదనంలో ఎక్కి రండి. కపానా పేట చక్కనిదే గానీ, రాత్రి పొద్దుపోయేదాకా బార్ల సందడి ఉంటుంది. ఆ ఊళ్లో పెద్ద వాణిజ్య ప్రదర్శనలు జరిగే రోజులలో, మన నెల్లూరులో రొట్టెల పండుగకు లాడ్జీలు నిండినట్టే, గదులు నిండి అద్దెలు పెరుగుతాయి. తేదీలు ముందే చూసుకోండి. వెలికో తర్నోవో కోట గొప్పదే, కానీ ఊరంతా కొండవాలు మీద మెట్లమయం కనుక ఈసారికి వదిలేయమనే అంటాను.

ప్రశ్న: మా వారు, ఇద్దరు పిల్లలతో బడులు తెరిచేలోపు, జూన్ మొదటి వారంలో నల్ల సముద్రం చూడాలనుకుంటున్నాము. గోల్డెన్ శాండ్స్ రిసార్టులో భోజనంతో కలిపిన గది మంచిదా, వర్నా పట్టణంలో బస మంచిదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వర్నాయే మంచిదమ్మా. భోజనంతో కలిపిన గది తీసుకుంటే డబ్బు ముందే కట్టేశాము కదా అని ప్రతి పూటా తిండికి రిసార్టుకే చేరవలసి వస్తుంది, ఊరు చూడడం కుదరదు. నెల్లూరు చూడవచ్చిన వారు మైపాడులో దిగిపోయినట్టు ఉంటుంది. వర్నాలో సీ గార్డెన్ అనే పొడవైన ఉద్యానం పక్కనే ఇసుక తీరం ఉంది, పట్టణం నడుమనే బస్సులూ అంగళ్లూ ఉన్నాయి; గోల్డెన్ శాండ్స్‌కు సిటీ బస్సులో వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. సీ గార్డెన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, రెండు గదుల అపార్ట్‌మెంట్ వెతకండి. జూలై, ఆగస్టులతో పోలిస్తే జూన్ మొదట్లో అద్దెలు తక్కువే, అయితే నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. కొత్తపట్నం నీళ్లకు అలవాటు పడిన పిల్లలు మొదటి రోజు వెనక్కి పరుగెత్తవచ్చు. ఇంకా దక్షిణాన ఉన్న సన్నీ బీచ్ రిసార్టులో అద్దెలు ఎంత తక్కువగా కనిపించినా, అక్కడి రాత్రుల హోరు పిల్లలున్న ఇంటికి తగదు. దాని పక్కనున్న ప్రాచీన నెసెబర్ పట్టణం కోసం అటు వెళ్లాలనిపిస్తే బుర్గాస్‌లో ఒక రాత్రి దిగి, ఉదయం బస్సులో నెసెబర్ చూసి రండి.