పగలంతా పస్తు, రాత్రయితే అదుపులేని తిండి.. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బరువు తగ్గాలని ఏడాదిగా ఉదయం టిఫిన్, మధ్యాహ్నం అన్నం మానేశాను. కానీ వారంలో రెండు మూడు రాత్రులు అందరూ పడుకున్నాక కుక్కర్‌లో మిగిలిన అన్నం, బిస్కెట్లు, ఫ్రిజ్‌లోని స్వీట్లు కడుపు నొప్పి పుట్టేదాకా తినేస్తున్నాను. మర్నాడు సిగ్గుతో పస్తుంటాను. నాకు నిగ్రహం లేదని అమ్మ అంటోంది. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిజం కాదు. మీది చికిత్సతో తగ్గే సమస్య. తక్కువ సమయంలో మామూలుగా ఎవరూ తిననంత తినడం, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, చాటుగా తినడం, ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం కలగడం వారానికి ఒకసారైనా చొప్పున 3 నెలలు సాగితే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను అనుమానిస్తాం. అయితే తిన్నదానికి పరిహారంగా తరచూ పస్తులుండడం, వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం కూడా ఉంటే అది బులీమియా కావచ్చు. కాబట్టి మీది ఏదన్నది సైకియాట్రిస్టు నేరుగా మాట్లాడి తేల్చాలి. వాంతులు, మాత్రల అలవాటు ఉంటే దాచకండి. వాటివల్ల ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది రాత్రి తిండి కాదు, పగటి పస్తు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు ఆహారాన్ని దాదాపు సగానికి తగ్గించి పరిశీలించారు. వాళ్ల ధ్యాసంతా తిండి చుట్టూనే తిరిగింది. తర్వాత కావలసినంత పెట్టినప్పుడు కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. ఆకలితో మాడిన శరీరం అలాగే ప్రవర్తిస్తుంది. మీరు పస్తుతో చేసుకుంటున్న ప్రాయశ్చిత్తమే మరో రాత్రికి దారి తీస్తోంది.

అందుకే రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు వేళకు ఇడ్లీయో పెసరట్టో తినండి. కష్టంగానే ఉంటుంది, ఆకలి వేయకపోవచ్చు కూడా, అయినా మానకండి. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగుతో అన్నం తినండి. మూడు పూటల భోజనానికి తోడు రెండుసార్లు పండో, ఉడికించిన శనగలో తీసుకుంటూ, మెలకువగా ఉన్నంతసేపు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకుండా చూసుకోండి. బరువు తగ్గే ప్రయత్నాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక పుస్తకంలో కేలరీలు కాకుండా, తిన్న వేళ, అంతకుముందు జరిగిన సంగతి, అప్పటి మనసు స్థితి రాయండి. ఆఫీసులో మాట పడిన రోజో, ఇంట్లో పెళ్లి ప్రస్తావన వచ్చిన రోజో ఇలా జరుగుతోందని తెలిస్తే, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (నిపుణులతో మాట్లాడుతూ ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే చికిత్స) అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ సమస్యకు అన్నిటికన్నా బాగా పనిచేసే చికిత్సల్లో అదొకటి. అవసరాన్ని బట్టి డాక్టర్ మందులూ రాస్తారు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి.

అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి. కంచంలో ఎంత పెట్టుకున్నారో లెక్కపెట్టకుండా, వీలైన పూట మీతో కలిసి తినమని ఆమెకు నా విన్నపం. వెంటనే డాక్టర్‌ను కలవలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే ఇంట్లో వాళ్లకు చెప్పి ఈ నంబరుకు ఫోన్ చేయండి.