పిల్లలమర్రిని ఇంకుతో గీస్తుంటే ఊడలన్నీ ముద్దైపోతున్నాయి, నీళ్లు తగిలితే గీతలు కరుగుతున్నాయి. ఏం చేయాలి?

మీరు చెప్పిన రెండింటిలో మొదటిది గీసే పద్ధతితో వచ్చిన తిప్పలు, రెండోది ఇంకుతో వచ్చింది.

ఇంకు పడ్డాక తెలుపు మళ్లీ దొరకదు. అందుకే ఎండ పడే ఊడలను 2హెచ్ పెన్సిల్‌తో ముందే గుర్తుపెట్టుకోండి, వాటి లోపల ఒక్క గీత కూడా వేయకండి. వెనకాల సందులు నింపుతూ పోతే ఊడ దానంతట అదే ముందుకొస్తుంది. అంచులకు 03, బెరడుకు 01 నంబరు సన్నమొన డ్రాయింగ్ పెన్ను చాలు. 05 ఉంటే లోపలి చీకటికే వాడండి. ఆ నంబర్లు మిల్లీమీటర్లు కావు: సకురా కంపెనీ మైక్రాన్ పెన్నుల్లో 01 అంటే 0.25 మి.మీ. గీత, 05 అంటే 0.45.

నీడకు గీతలన్నీ ఒకే వాలులో, 2 మి.మీ. ఎడంతో వేయండి. ఆరాక రెండో వరుసను మొదటిదానికి 30 డిగ్రీల వాలులో దాటించండి. 90 డిగ్రీల్లో దాటిస్తే చెట్టు మీద జాలీ కట్టినట్టుంటుంది. పెన్ను గట్టిగా నొక్కితే నలుపు పెరగదు, మొన చెడిపోతుంది. మూడు వరుసలు మించితే 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) జిరాక్స్ కాగితం పీచు లేస్తుంది, ముద్ద అక్కడే మొదలవుతుంది. కనీసం 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితం, అంటే మందపాటి డ్రాయింగ్ కాగితం తీసుకోండి.

నల్లగొండ గుట్టల బండలకైతే ఈ గీతలకన్నా చుక్కలే నప్పుతాయి, రాతి గరుకు వాటితోనే వస్తుంది. పెన్ను నిటారుగా పట్టుకోవాలి. తొందరపడితే చుక్కకు తోక మొలిచి కామా అవుతుంది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పడే నీడ లాంటిది గీయాలంటే మాత్రం గీతలూ చుక్కలూ సరిపోవు. ఆ నీడ అంచు మెత్తగా ఉంటుంది, దానికి వాష్ కావాలి, అంటే నీళ్లు కలిపిన ఇంకును బ్రష్‌తో పూయాలి. మీ గీతలు కరిగాయంటే అది మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు అయ్యుంటుంది, అది నీళ్లలో కరిగే రంగు. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు వాడండి, పాళీ ముంచి గీయడానికి మాత్రమే. దాన్ని ఫౌంటెన్ పెన్నులో పోస్తే లోపల గట్టిపడి పెన్ను పనికిరాకుండా పోతుంది. పాళీని మధ్యలో ఉన్న రంధ్రం దాకే ముంచి, సీసా అంచుకు ఒకసారి తాకించండి. కిందికి లాగేటప్పుడే నొక్కాలి, పైకి తోస్తూ నొక్కితే మొన కాగితంలో గుచ్చుకుని ఇంకు చిమ్ముతుంది.

వాష్‌కు మూడు గిన్నెలు పెట్టుకోండి: చుక్క ఇంకుకు 20 చుక్కల నీళ్లు ఒకదాంట్లో, 8 మరోదాంట్లో, 3 ఇంకోదాంట్లో. పల్చటిదానితో మొదలుపెట్టాలి. మన ఎండాకాలంలో బ్రష్ తిప్పేలోపే అంచు ఆరి గట్టి మరక పడుతుంది కాబట్టి, నీడ వచ్చే చోటును ముందు ఉత్త నీళ్లతో తడపండి. ఫ్యాన్ కట్టేయండి. చెయ్యి కింద చిత్తుకాగితం పెట్టుకోండి, చెమటకు గీత చెదురుతుంది. పెన్సిల్ గుర్తులు చెరపడం మరుసటి రోజుకు వదిలేయండి.