బర్రె బరువుకు సరిగ్గా గొర్రెలు తెచ్చినా గడ్డి ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర మండలం. దసరా తర్వాత పాడిబర్రెను అమ్మి 16 గొర్రెలు కొన్న. బర్రె 400 కిలోలు ఉండేది, గొర్రెలు ఒక్కోటి 25 కిలోలు. బరువు అంతే కదా, మేత కూడా అంతే పడుతుందనుకున్న. బర్రెకైతే ఎండాకాలం దాటేదాకా వచ్చే వరిగడ్డి వాము సంక్రాంతికే సగమైంది. గొర్రెలు పారడం లేదు, హుషారుగానే ఉన్నయి. అయినా కడుపులో పురుగులున్నయేమోనని టెన్షన్‌గా ఉంది. బర్రెకు తెచ్చిన నట్టల మందు మిగిలింది, అందులో పదహారో వంతు ఒక్కో గొర్రెకు తాపొచ్చా సార్? వానలు పడేదాకా ఎంత మేత దాచుకోవాలి?

– ఒక రైతు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది జబ్బులా లేదు. ఆరోగ్యంగా ఉన్న 16 గొర్రెలు తినాల్సినంతే తింటున్నాయి. తేడా వచ్చింది బరువును బట్టి మేత లెక్కేయడంలో. జీవాలు పెంచే చాలామంది ఇదే లెక్క వేస్తారు, ఎండాకాలం నడిమధ్యలో మేతకు కటకటలాడతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒంటి బరువు రెట్టింపైతే ఆకలి రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త ఎలుక నుంచి ఎద్దు దాకా జంతువుల ఒంట్లో పుట్టే వేడి కొలతలను పక్కపక్కన పెట్టి 1932లో ఈ సంగతి తేల్చాడు. కదలకుండా పడుకున్నప్పుడు కూడా గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, ఒంటి వేడికి శక్తి ఖర్చవుతుంది కదా, దాన్నే మూల జీవక్రియ అంటాం. అది బరువుతో సమానంగా కాక, బరువుకు ముప్పావు ఘాతంలో పెరుగుతుంది.

ఘాతం అంటే భయపడకండి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. బరువును మూడుసార్లు వేసి హెచ్చించండి, తర్వాత రూట్ గుర్తు రెండుసార్లు నొక్కండి. మీ బర్రెకు 400ను అలా చేస్తే 89 చిల్లర వస్తుంది. గొర్రెకు 25ను చేస్తే 11 చిల్లర. దాన్ని 70తో హెచ్చిస్తే రోజుకు కావలసిన కిలో కేలరీలు. బర్రెకు సుమారు 6,260, గొర్రెకు 783. పదహారు గొర్రెలకు కలిపితే 12,500 దాటుతుంది. అంటే బరువు ఒకటే అయినా ఖర్చు రెండు బర్రెలది!

నమ్మబుద్ధి కాకపోతే గొర్రె వెనక కాలు తొడ లోపలివైపు వేళ్లు పెట్టి నాడి చూడండి. నిమిషానికి 70 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది. పెద్ద బర్రెకు అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. చిన్న ఒంట్లో కిలోకు ఖర్చు ఎక్కువ కాబట్టే గుండె కూడా జోరుగా కొట్టుకుంటుంది. ముప్పావు ఘాతమే ఎందుకన్నదాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. ఒంట్లోని ప్రతి మూలకూ రక్తం చేర్చే నాళాలు చీలే తీరు వల్లనేనని 1997లో వెస్ట్, బ్రౌన్, ఎన్‌క్విస్ట్ అనే ముగ్గురు లెక్కగట్టారు. అడవిలో ఎంత గడ్డి ఉంటే ఎన్ని జింకలు, ఎన్ని అడవిదున్నలు బతుకుతాయో అంచనా వేసేవాళ్లు కూడా ఈ ఘాతాన్నే వాడతారు.

ఇది పడుకున్నప్పటి లెక్క. మీ బర్రె పాలిచ్చేది, పాలకోసం అదనంగా తినేది, కాబట్టి మీ ఇంట్లో తేడా రెండింతలు కనిపించకపోవచ్చు. గొర్రె తన బరువులో వందకు మూడున్నర వంతుల దాకా, అంటే రోజుకు సుమారు 900 గ్రాముల పొడిమేత తింటుంది. పదహారింటికి 14 కిలోల పైనే. పాడిబర్రె తినే 10 కిలోలతో పదకొండు గొర్రెలను మేపవచ్చు, పదహారింటిని కాదు.

నాకు మీ వాము తరగడం కన్నా అందులో ఉన్నది ఒట్టి వరిగడ్డి కావడం ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. జంతువు పెద్దపొట్టలో పట్టే మేత ఇంచుమించు దాని బరువును బట్టే ఉంటుంది. గొర్రెకు కిలో బరువుకు కావలసిన శక్తి మాత్రం బర్రెకు రెండింతలు. చిన్న పొట్ట, పెద్ద ఖర్చు. బర్రె నాసి గడ్డిని పొట్టలో ఎక్కువసేపు నానబెట్టుకుని బతుకుతుంది, గొర్రెకు ఆ తీరిక లేదు. వరిగడ్డితో పొట్ట నిండినా ఒళ్లు నిండదు. మీ ప్రాంతంలో యాసంగి పల్లి తీశాక మిగిలే పల్లికట్టె, కందిపొట్టు, కంది ఆకు గొర్రెలకు బంగారం లాంటి మేత. వాటిని ఇప్పుడే కొని దాచుకోండి, వరిగడ్డిని బర్రెలున్నవాళ్లకు మార్పిడికి ఇచ్చేయండి. గట్ల మీది సుబాబుల్, అవిశ కొమ్మలు కోసి వేయండి. సుబాబుల్ ఒక్కటే వేయకూడదు, మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకండి. చూడి గొర్రెలకు చివరి నెలన్నర రోజూ పావుకిలో దాణా తప్పనిసరి.

ఎంత దాచాలంటే, ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య దాకా 120 రోజులు. రోజుకు 14 కిలోల చొప్పున 1,700 కిలోలు. చెల్కల్లో మేసి సగం కడుపు నింపుకుంటాయనుకుంటే 850 కిలోలు. ఎండుమేతలో పదో వంతు తేమ, తొక్కి పాడుచేసేది కొంత, అన్నీ కలిపి ఒక టన్ను పెట్టుకోండి. అంత కుదరకపోతే పొట్టేళ్లను, ముసలి గొర్రెలను మార్చిలోనే అమ్మేయడం మంచిది. మేలో బక్కచిక్కాక అమ్మితే ధర పలకదు.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. మూడు కిలోల గొర్రెపిల్లకు కిలో బరువుకు రోజుకు 53 కిలో కేలరీలు కావాలి, బర్రెకు 16 కూడా అక్కర్లేదు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగకపోతే, చలిరాత్రి అయితే ముఖ్యంగా, అది నిలవడం కష్టం. ఈత సమయంలో రాత్రిపూట మనిషి దగ్గర ఉండాల్సిందే.

మిగిలిన మందు మాత్రం తాపకండి. మందు ఒంట్లో విరిగి బయటికి పోయే వేగం జాతిని బట్టి మారుతుంది, బర్రె మోతాదును భాగించి గొర్రెకు లెక్క కట్టడం ప్రమాదం. కొన్ని మందులు చూడి గొర్రెలకు పనికిరావు. ముందు కింది రెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే పరవాలేదు. తెల్లబడినా, దవడ కింద నీరు దిగినట్టు వాపున్నా నట్టలని అనుమానించాలి. ఎలాగైనా నాలుగైదు గొర్రెల పేడ విడివిడిగా కవర్లలో పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లండి, పరీక్ష చేసి గొర్రెలకు సరిపోయే మందే ఇస్తారు. వెళ్లేముందు రెండు మూడు గొర్రెలను తూచండి, మోతాదుకూ మేత లెక్కకూ ఆ బరువే ఆధారం. ఒక్కోటి 35 కిలోలు తూగితే పైన చెప్పిన మేతకు దాదాపు మూడో వంతు కలుపుకోవాలి.