ఆస్పత్రికి మా టామీని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. ఇంటి దగ్గరున్న మా కుక్క టామీని చూడాలని రోజూ ఏడుస్తోంది. విదేశాల్లో పిల్లల వార్డులకు కుక్కల్ని తెస్తారట కదా, మేమూ తీసుకెళ్లొచ్చా?
– ఓ తల్లి, హన్మకొండ

జవాబు: ఇప్పుడు మాత్రం వద్దమ్మా. కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, అలాంటప్పుడు కుక్క నోట్లో, గోళ్లలో ఉండే మామూలు సూక్ష్మజీవులు కూడా పాపకు ప్రమాదమే. మీరు విన్నది నిజమే. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్ట్, ఎవరితోనూ కలవని పిల్లాడు ఆయన పెంపుడు కుక్క జింగిల్స్‌తో చనువుగా ఉండటం గమనించి 1962లోనే దాని గురించి రాశారు. కానీ వార్డులకు తెచ్చే కుక్కలకు టీకాలు, శిక్షణ, పరీక్షలు అన్నీ పూర్తయి ఉంటాయి, ముట్టుకునే ముందూ తర్వాతా పిల్లల చేతులు శుభ్రం చేయిస్తారు, మొహం నాకనివ్వరు. టామీ ఎంత మంచిదైనా లిఫ్టు చప్పుడుకే బెదిరిపోవచ్చు.

సాయంత్రం దానికి అన్నం పెట్టేటప్పుడు వీడియో కాల్ చేయండి, పాపనే పేరు పెట్టి పిలవమనండి, ఆ గొంతుకి అది చెవులు నిక్కబొడుచుకుంటే పాపను చూడనివ్వండి. ఇంటికొచ్చాక ఎప్పుడు కలపొచ్చో డాక్టర్‌నే అడగండి. ఈలోగా టామీకి రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించి, గోళ్లు కత్తిరించి ఉంచండి.